లేసు అల్లికకు చేతికి అనువైన కొక్కెపు సూది

వ్యవసాయ పత్రికలో సూదిని గురించి వ్రాయుట ఎందులకని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. కొడవలి పిడి చేతికి కుదరనిచో కోతకు వచ్చిన మనిషి మొదటి పూటనే అలసిపోవును, రెండవనాటికి అరచేతిలో బొబ్బలు లేచును. ఈ సంగతి ప్రతి రైతుకును తెలిసినదే. లేసు అల్లు కొక్కెపు సూది కూడ చేతి పనిముట్టే. కొడవలి రెండు వారములు పట్టి మూలన పెట్టుదురు. సూదినో, లేసు అల్లు ఇంటిలో సంవత్సరము పొడవునా రోజుకు నాలుగైదు గంటలు పట్టుదురు. కావున దానిని ఎన్నుకొనుటలో కొడవలికి చూపు శ్రద్ధకంటె ఎక్కువ శ్రద్ధయే చూపవలెను.

బోయినపల్లి మండలములో వరి, పత్తి ముఖ్యమైన పైరులు. ఇచ్చటి ఆడవారి చేతులకు ఏ నెలలో ఏ పని పడునో గమనింపుడు. వానకాలములో నాట్లు, కలుపుతీత. దసరా నాటినుండి పత్తి ఏరుట. ఆ నడుమ దొరికిన ప్రతి గంటలోను బీడీలు చుట్టుట. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు బీడీ చాట లేని వాడ కానరాదు. పత్తి ఏరుట, బీడీ చుట్టుట రెండును బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని నొక్కి చేయు పనులే. మానువాడ వద్ద కట్టిన మధ్య మానేరు జలాశయము 2019లో నిండినది. దాని క్రింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి వంటి ఊళ్ళవారు ఇండ్లు, పొలములు వదలి పునరావాస కాలనీలకు చేరిరి. సొంత పొలము పోయిన ఇంట ఆడవారికి మునుపటివలె ఇంటి ముందటనే కైకిలి దొరకదు. ఇంటిపట్టున ఉండి చేసికొనదగిన పని ఏదియని మహిళా సంఘములవారు అడుగునప్పుడు కుట్టు మిషనుతోపాటు లేసు అల్లిక పేరు కూడ వచ్చుచున్నది. ఇదివరకే అలసియున్న బొటనవ్రేలికి సరిపడని సూదిని ఇచ్చినచో, ఆదాయము మాట అటుంచి, ఏరుటకును చుట్టుటకును కూడ ఆ చేయి పనికిరాకుండ పోవును.

నరసాపురము సంగతి

మన తెలుగునాట ఈ పనికి పేరుపొందిన స్థలము పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము. 1844 ప్రాంతమున మెక్రే అను స్కాట్లండు దంపతులు అచ్చటి ఆడవారికి లేసు అల్లుట నేర్పిరని చెప్పుదురు. నాటినుండి అది తల్లి నుండి కూతురికి వచ్చుచు, చుట్టుపట్ల వ్యవసాయ కుటుంబములలో వేలాది స్త్రీలకు ఇంటి పనియైనది. పువ్వులుగా, చక్రములుగా ముక్కలు అల్లి, వాటిని అతికి బల్లగుడ్డలు, దుప్పట్లు చేసి విదేశములకు పంపుచున్నారు. 2024లో నరసాపురము క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది.

క్రోషే అనునది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెము అని దాని అర్థము. మన సిరిసిల్ల, కరీంనగరు దుకాణములలో క్రోషియా సూది అని అడిగిన ఇత్తురు. ఈ విద్యకును వ్యవసాయమునకును ఒక పాత చుట్టరికము కలదు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరుకు ఆకుమాడు తెగులు సోకి, వరుసగా కొన్ని సంవత్సరములు పంట చేతికి రాలేదు. పది లక్షలకు పైగా జనులు ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. ఆ కరవులో కన్యాస్త్రీల మఠములు, దానశీలలగు స్త్రీలు రైతుకుటుంబముల ఆడవారికి కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పి, ఆ సరకును అమ్మి వారికి గింజలు కొనిపెట్టిరి. ఒకే పైరును నమ్మిన ఊరికి ఆ పైరు పోయిన పిదప ఒక సూది కొంత ఆసరా ఇచ్చినదన్నమాట.

మరమగ్గముల పట్టణమగు సిరిసిల్లవారికి ఒక మాట. గుడ్డ నేయుటకు యంత్రము వచ్చినది గాని, కొక్కెపు సూది అల్లికను ఉన్నదున్నట్లు చేయు యంత్రము నేటివరకు వాడుకలోనికి రాలేదు. బజారులో చవకగా దొరకు యంత్రపు లేసు చూచుటకు అట్లే ఉండును గాని దాని ముడి వేరు. అయినను ఆ చవక సరకు చేతి అల్లికకు గట్టి పోటీయే.

సూది భాగములు

సూది కొనలో కొక్కెము, దాని క్రింద సన్నని మెడ, ఆ క్రింద సమానమైన లావుగల కాడ, ఆపైన పిడి ఉండును. కొన్నింటికి బొటనవ్రేలు ఆనుటకు చదునుగా నొక్కిన తావు ఉండును. కుట్టు లావును నిర్ణయించునది కాడ గాని మెడ కాదు. క్రొత్తగా నేర్చుకొనువారు ఉచ్చును మెడవద్దనే బిగించి, తరువాత సూది అందులోనుండి రాక బలవంతముగా లాగుదురు. మణికట్టు నొప్పికి ఇది ఒక ముఖ్య కారణము. ఉచ్చు కాడమీదికి వచ్చిన తరువాతనే దారము సర్దుకొనవలెను.

కొక్కెపు నోరు మరీ లోతుగా ఉన్నచో పాత ఉచ్చులో తగులుకొనును. లోతు చాలనిచో దారము జారిపోవును, జారిన ప్రతిసారి వ్రేళ్ళు మరింత గట్టిగా బిగియును. మొన మరీ వాడిగా నున్న దారపు పోగులను చీల్చును, ఎడమచేతి వ్రేలికొనను కూడ గ్రుచ్చును. మొండిగా నున్న బిగువు కుట్టులో దూరదు. కాడతో సమానముగా, దూలమును గాటు కొట్టినట్లు చెక్కిన కొక్కెము ఒక రకము. మెడవద్ద సన్నబడి తల కొంచెము ముందుకు వచ్చినది మరొక రకము. మొదటి దానిలో కుట్లు సమముగా వచ్చును గనుక నేర్చుకొనువారికి అదియే మేలని మా అభిప్రాయము. చేయి తిరిగినవారికి రెండవది వేగముగా నడచును.

పిడి లావు

అసలు విషయము ఇది. లేసు దారమునకు వాడు ఉక్కు సూదులు కొక్కెము వద్ద ఒక మిల్లీమీటరు, పట్టుకొను చోట రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉండును. అంత సన్నని దానిని కదలకుండ పట్టవలెనన్న వ్రేళ్ళను పూర్తిగా ముడిచి గట్టిగా నొక్కక తప్పదు. వ్రేలు ఎంత ముడిచిన అంత బలము తగ్గును, నరము అంత ఎక్కువ లాగును. సన్నని మేకును రెండు వ్రేళ్ళతో పట్టి పది నిమిషములు నిలుపుట, పెన్సిలును అట్లే నిలుపుట, ఈ రెండింటికిని గల తేడాను ఎవరైనను తమ చేతితోనే చూచుకొనవచ్చును.

చేతి పనిముట్ల ఎన్నికను గురించి అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థ 2004లో ఒక చిన్న పుస్తకమును వెలువరించినది. బలము ప్రయోగించు పనిముట్లకు పిడి ఒకటింపావు అంగుళము మొదలు రెండంగుళముల లావు ఉండవలెననియు, సున్నితమైన పనులకు పావు అంగుళము మొదలు అర అంగుళము చాలుననియు అందులో చెప్పబడినది. మన గొడ్డలి పిడి మొదటి లెక్కలోనికి వచ్చును. సూది పిడి రెండవ లెక్కలోనిది. అనగా పెన్సిలు లావు మొదలుకొని చిటికెనవ్రేలి లావు వరకు. అంతకు మించి లావైనచో సూదిని వ్రేళ్ళ నడుమ త్రిప్పుట కష్టమగును. చేయి చిన్నదైన ఆడపిల్లకు పెన్సిలు లావు, పొలము పనిచేసి కణుపులు లావైన చేతికి చిటికెనవ్రేలి లావు అనుకొని మొదలుపెట్టవచ్చును.

పిడి పొడవు కూడ చూడవలెను. సూదిని కొందరు కలమువలె పట్టుదురు. మరికొందరు కూరగాయలు తరుగు చాకువలె పైనుండి పట్టుదురు. రెండును మంచివే, అలవాటును మార్చవలసిన పనిలేదు. కలమువలె పట్టువారికి ఐదంగుళముల సూది చాలును. చాకువలె పట్టువారికి అదే సూది వెనుక కొన అరచేతి నడుమ గ్రుచ్చుకొనును. రోజుల తరబడి ఒకేచోట నొక్కిన ఆ తావున మొద్దుబారును. వీరికి ఆరంగుళముల సూది, వెనుక కొన గుండ్రముగా ఉన్నది కావలెను. ఇక బొటనవ్రేలికి చదును చేసిన తావు గురించి. అది అందరికిని మేలు చేయునని దుకాణదారులు చెప్పుదురు గాని, అది పడవలసిన చోట పడినప్పుడే మేలు. మీ బొటనవ్రేలు సహజముగా ఆను చోటు దానికి పైనో క్రిందనో ఉన్నచో, ఆ అంచు వ్రేలిని కోయును. అట్టివారికి గుండ్రని పిడియే సుఖము. ఎడమచేతివాటము వారు వేరు సూది కొనవలసిన అవసరము లేదు, కొక్కెము ఏ చేతికైనను ఒకటే.

నంబరును నమ్మరాదు

సూదులమీద వేయు నంబర్లు దేశమునకొక తీరు. ఉక్కు సూదులలో నంబరు పెరిగినకొలది సూది సన్నబడును. జపాను లేసు సూదులలో 10వ నంబరు 0.75 మిల్లీమీటరు కాగా, అమెరికా లెక్కలో అదే 10వ నంబరు ఒక మిల్లీమీటరుకు మించి ఉండును. ఉన్ని అల్లు లావు సూదులకు అమెరికావారు అక్షరములు వేయుదురు. కావున మిల్లీమీటర్ల కొలత చెక్కియున్న సూదినే అడుగవలెను. కొలత చెరిగిపోయిన పాత సూది ఉన్నచో, ఇనుప సామానుల దుకాణములో డ్రిల్లు ములుకులుంచు పెట్టె తెరిపించి, దాని రంధ్రములలో కాడ ఏది సరిగా పట్టునో చూచిన తెలిసిపోవును. కొక్కెమును గాక కాడను దూర్చి చూడవలెను సుమా.

దారపు నంబరు కూడ ఇట్లే, పెద్దదైన కొలది దారము సన్నన. 20వ నంబరు దారమునకు 1.25 మి.మీ. సూది, 40వ నంబరు దారమునకు 1 మి.మీ. సూది అను లెక్కతో మొదలుపెట్టి, అల్లిక బిగువుగా వచ్చిన ఒక మెట్టు లావుది, వదులుగా వచ్చిన ఒక మెట్టు సన్ననిది మార్చవలెను. చేయి బిగువుగా నడచువారు ఈ ఒక్క మార్పుతోనే సగము నొప్పి పోగొట్టుకొనవచ్చును. క్రొత్తగా నేర్చుకొనువారి చేతికి మొదటనే 40వ నంబరు దారము ఇచ్చుట సరికాదు. లావైన, లేత రంగు నూలు, రెండు రెండున్నర మిల్లీమీటర్ల సూది ఇచ్చి నెలరోజులు అల్లింపవలెను. నల్ల దారములో కుట్లు కనబడవు. శిక్షణ శిబిరములలో మిగిలిపోయినదని నల్ల దారమునే పంచిన సందర్భములు లేకపోలేదు.

ఏ లోహము?

సన్నని లేసుకు ఉక్కు తప్ప వేరు దారి లేదు, ఒక మిల్లీమీటరు లావున వెదురు గాని ప్లాస్టిక్కు గాని విరిగిపోవును. రెండు మిల్లీమీటర్లు దాటినచో అల్యూమినియము తేలిక, చవక. కాని కొన్ని నాసిరకపు సూదులు చెమటచేతికి నల్లబడి తెల్ల దారమునకు మరక అంటించును. తెల్లగుడ్డకు ఒకసారి గట్టిగా రుద్ది చూచి కొనవలెను. మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించిన వెదురు సూది చేతికి వెచ్చగా, తేలికగా ఉండును. నూలు దానిపై కొంచెము నెమ్మదిగా జారును, నేర్చుకొనువారికి అది ఒక విధముగా మేలే. మెత్తని రబ్బరు పిడిగల జపాను సూదులు ఇప్పుడు పట్టణములలో దొరకుచున్నవి. మంచివే గాని ఖరీదు ఎక్కువ.

సూది నునుపును చూచుటకు పత్తి రైతులకు చెప్పవలసిన ఉపాయము తేలిక. గింజ తీసిన దూదిని కొద్దిగా పలుచగా విప్పి కొక్కెపు నోటిలోనుండి, మెడమీదుగా లాగి చూడవలెను. ఒక పోగైనను పట్టుకొన్నచో అచ్చట గరుకు ఉన్నట్లే. చిన్న గరుకైన మిక్కిలి నున్నని సాన కాగితముతో రుద్ది, నూనెగుడ్డతోను, తరువాత పొడిగుడ్డతోను తుడిచిన పోవును. అతుకు గీత మెడవద్ద పైకి తేలియున్న సూదిని మాత్రము కొనరాదు, అది రుద్దిన పోదు.

ఇంటివద్ద పిడి వేయుట

ఖరీదైన సూది కొననవసరము లేదు. మామూలు ఉక్కు సూదికి మన ఊరి వడ్లవారిచేత పిడి వేయించుకొనవచ్చును. నీడన బాగుగా ఆరిన వెదురు ముక్క, పెన్సిలు కంటె కొంచెము లావుది, నాలుగంగుళములు తీసికొనవలెను. ఒక కొనవైపు కణుపు ఉండి రెండవవైపు బోలుగా ఉన్నచో మరీ మంచిది. బోలువైపున ఎంసీలు ముద్ద నింపి, సూది వెనుక భాగమును నిటారుగా దిగవేసి ఒక రాత్రి కదల్చక ఉంచవలెను. పిడినుండి కొక్కెపు మొనవరకు ఒకటిన్నర అంగుళము బయట ఉండిన చాలును. ఎక్కువ బయట ఉన్నచో వ్రేళ్ళు మరల సన్నని కాడమీదికే జారును, పిడి వేసిన ప్రయోజనము ఉండదు. వెదురు గీతలు చేతికి గ్రుచ్చుకొనకుండ సాన కాగితముతో నున్నగా చేయవలెను. కర్రతో చేయదలచినవారికి పాలకొడిసె మంచిది. ఏటికొప్పాక బొమ్మలకు వాడు అంకుడు కర్ర ఇదియే. సన్నని జీవ, తొందరగా నునుపెక్కును. నిర్మల బొమ్మల పొనికి కర్ర తేలికయే గాని మెత్తన, వ్రేలు నొక్కిన చోట గుంటపడును.

కొందరు సైకిలు ట్యూబు ముక్కను చుట్టుదురు. పట్టు బాగుగనే ఉండును గాని చెమటకు రబ్బరు నలుపు దారమునకు అంటును. ట్యూబు మీద పాత నూలుచీర పట్టీని బిగువుగా చుట్టి కుట్టివేసిన ఆ చిక్కు లేదు. మా ఎండలకు నూలు చుట్టు మరొక విధమునను మంచిది, చెమటను పీల్చును. మురికియైన పట్టీని విప్పి వేరొకటి చుట్టుకొనవచ్చును.

నొప్పి గుర్తులు

“బొటనేలు గుంజుతాంది సారూ, మందు రాసుకుంటే పోతదా?” అని ఆడవారు అడుగుచుందురు. మందుకంటె ముందు పనిని చూడవలెను. అరగంటకొకసారి సూది దింపి, పిడికిలి విప్పి వ్రేళ్ళు చాచి, రెండు నిమిషములు లేచి తిరిగిన మేలు. పనిని ఒడిలో క్రింద పెట్టుకొని మెడ వంచుటకు బదులు, తొడలమీద దిండు వేసికొని పనిని పైకి తెచ్చుకొనవలెను. ఎడమచేతి వ్రేలికి దారమును రెండు చుట్లు బిగించువారు ఒక చుట్టే వేసికొని, వ్రేలికి పలుచని గుడ్డ కట్టుకొనవలెను. బీడీలు చుట్టిన వెంటనే లేసు పట్టుట మంచిది కాదు. నడుమ వంటపనియో, పాలుపితుకుట కాని మరేదైన పెద్ద కదలికల పనియో ఉండవలెను.

రాత్రివేళ బొటన, చూపుడు, నడిమివ్రేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వచ్చుచున్నచో మణికట్టులో నరము నొక్కుకొనుచున్నదని అనుమానింపవలెను. గర్భిణులకును, మధుమేహము గలవారికిని ఇది ఎక్కువగా వచ్చును. బిందె ఎత్తునప్పుడు బొటనవ్రేలి మొదట చురుక్కుమన్న అది మరొక జబ్బు, అచ్చటి కండర తాడు వాచినదన్నమాట. ఈ రెండింటిలో ఏది కనిపించినను పని ఆపి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొనవలెను. మందుల దుకాణములో నొప్పిబిళ్ళ కొని మ్రింగుచు పని సాగించుట వలన జబ్బు ముదురును. నలువది ఏండ్లు దాటినవారు దగ్గరి చూపు అద్దములు లేకుండ సన్న దారము పట్టరాదు. కుట్టు కనబడనివారు తెలియకుండగనే సూదిని గట్టిగా పట్టుదురు. 2018లోను, 2023లోను జరిగిన కంటి వెలుగు శిబిరములలో అద్దములు పొందినవారు వాటిని పెట్టెలో దాచక వాడుకొనవలెను.

కూలి లెక్క

మంచి సూది నొప్పిని తగ్గించును గాని కూలిని పెంచదు. మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు నరసాపురము లేసు పనివారిమధ్య పరిశీలన జరిపి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. రోజుకు ఆరు మొదలు ఎనిమిది గంటలు అల్లినను ఆ కాలమున వారికి ముట్టినది రూపాయికి లోపే. ఇంట కూర్చుండి చేయుచున్నారు గనుక వారిని పనివారుగా కాక తీరిక వేళ సూది పట్టిన ఇల్లాండ్రుగా లెక్కించుటయే ఇందుకు కారణమని ఆమె వ్రాసినది. ఆ తప్పు మన మండలములో జరుగకూడదు. కొనువారు నిశ్చయము కాకుండ సంఘములకు సూదులు పంచుట నీటి వసతి లేక నారు పోయుట వంటిది. పంచాయతీ కార్యదర్శులు, సంఘ బాధ్యులు ముందుగా కొనుగోలుదారును విచారించి, ముక్కకు ఎంత ఇచ్చునో, దారము ఎవరిదో, తిరస్కరించిన ముక్క ఎవరి నష్టమో వ్రాతమూలకముగా తీసికొనవలెను.

ఆ పిదప ఒక ముక్కను చేయి తిరిగిన ఒకరిచేతను, సామాన్యముగా చేయు మరొకరిచేతను అల్లించి గడియారము చూడవలెను. పట్టిన గంటలతో కూలిని భాగించి, అదే గంటలలో పత్తి ఏరిన, బీడీలు చుట్టిన వచ్చు దానితో పోల్చవలెను. తక్కువైనచో ఆ ధరకు ఒప్పుకొనరాదు. మొదటి మూడు నెలలు చేయి వేగము అందుకొనదు గనుక ఆ లెక్కను బట్టి పనినే మానుకొనుటయు తొందరపాటే. ప్రతివారును ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, తెచ్చిన దారపు బరువు, ఇచ్చిన ముక్కల సంఖ్య, పట్టిన గంటలు, పైకము చేతికి వచ్చిన తేదీ వ్రాసికొనవలెను. వ్రాయలేనివారికి బడికి పోవు పిల్లలు వ్రాసిపెట్టవచ్చును.